బాపు కడిగిన ఇంజన్

పోయిన చలికాలంలో సూరత్ వెళ్ళినప్పుడు నన్ను తీసుకుపోవడానికి స్టేషన్‌కు మా అన్న కూతురు వచ్చింది. బ్యాటరీ స్కూటర్ మీద వచ్చింది. నా సంచి తన కాళ్ళ దగ్గర పెట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, ఆ రద్దీలోంచి పర్వత్ పాటియా వైపు నడుపుతుంటే బండి కదులుతున్నట్టే అనిపించలేదు. చప్పుడు లేదు, పిక్కకు వేడి తగలడం లేదు, సీటు కింద వణుకు లేదు. "దీనికి ఆయిల్ ఎప్పుడెప్పుడు మారుస్తవే?" అని అడిగాను. "అత్తా, ఇస్మే ఆయిల్ హోతా హీ నహీ," అని నవ్వి, మళ్ళీ నాకోసం తెలుగులో, "దీంట్ల ఆయిలే ఉండదు" అంది. నేనూ నవ్వాను. కానీ ఇల్లు చేరేదాకా నా ముక్కుకు మాడిన నూనె వాసన వస్తూనే ఉంది. ఆ వాసన ఆ రోడ్డుది కాదు. నాకు పదహారు పదిహేడేళ్ళ వయసున్నప్పటిది.

అప్పుడు మేం ఇదే పర్వత్ పాటియా దగ్గర ఒక చాలీలో ఉండేవాళ్ళం. వరసగా గదులు, వాటి ముందు సన్నటి అరుగు, అరుగు కింద గల్లీ. మాకు ఉన్నది ఒక్క గది. అందులో మా నాన్న, ఆయన్ను మేం బాపు అనేవాళ్ళం, అమ్మ, అన్న తిరుపతి, కొత్తగా పెళ్ళయి వచ్చిన వదిన రజిత, నేను. గది నడుమ పాత చీరతో కట్టిన తెరకు అవతల అన్నావదినలు, ఇవతల మేం ముగ్గురం. ఇవతల ఎవరైనా నిట్టూరిస్తే అవతల వినపడేది. బాపు పెళ్ళి కాకముందే సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. ఆ మగ్గాల మోతలో ఏళ్ళ తరబడి నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. అందుకని ఇంట్లో కూడా కార్ఖానాలో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడేవాడు. ఆయన మామూలుగా మంచినీళ్ళడిగినా పక్కింటివాళ్ళు తగాదా అనుకునేవారు.

డ్యూటీ నుంచి రాగానే బాపు అంగీ విప్పి, బయట గోడకున్న మేకుకు తగిలించేవాడు. ఆ అంగీ లోపలికి రాకూడదని అమ్మ ఆంక్ష. ఎందుకంటే ఇంట్లో చీరలుండేవి. సలాబత్‌పురా నుంచి ఒక సేటు మనిషి వారానికోసారి ఎంబ్రాయిడరీ చీరల కట్టలు తెచ్చి పడేసేవాడు. వాటి వెనక వేలాడే దారాలను కత్తిరించి, మడత పెట్టి, తిరిగి ఇవ్వడం అమ్మకూ నాకూ పని. లేత రంగు చీరలు. ఒక్క నూనె చుక్క పడితే ఆ చీర మా మెడకే చుట్టుకుంటుంది. అందుకని బాపు చేతులు వాషింగ్ సోడాతో తోముకుని, చిందీతో, అంటే మార్కెట్లో తూకానికి దొరికే గుడ్డ పీలికలతో తుడుచుకుని, అన్నం ముందు కూర్చున్నాక వేళ్ళు ఒకసారి వాసన చూసుకునేవాడు. నూనె వాసన ఇంకా ఉంటే మాట్లాడకుండా లేచి మళ్ళీ కడుక్కునేవాడు. మేం ఆయన వచ్చేదాకా ముద్ద ముట్టుకోకుండా కూర్చునేవాళ్ళం.

ఆ ఏడాది బాపూ అన్నా మాట్లాడుకోవడం మానేశారు. అన్నను తన కార్ఖానాలోనే, తన పక్క మగ్గాల మీదే పనికి పెట్టించాడు బాపు. కార్ఖానా సేటుకు తను పూచీ ఉన్నాడు. ఒకరోజు అన్న పని మధ్యలో మగ్గాలు ఆపేసి, చేతులు తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. దారాలు తెగిపోతున్నా పట్టించుకోక, మగ్గాలు ఆపేసి పోయాడు నీ కొడుకని సేటు అందరి ముందూ బాపును నిలదీశాడట. ఆ సాయంత్రం బాపు ఇంటికొచ్చి అన్నాడు, "ఇగ వాడు నాతోని మాట్లాడొద్దు." అన్న తెర అవతల నుంచి, "మాట్లాడ తియ్" అన్నాడు. అంతే. అన్న మార్కెట్లో పార్సిళ్ళు మోసే పనికి కుదిరాడు. ఒకే కుండలో నీళ్ళు తాగుతూ, ఒకే గిన్నెలోంచి కూర వేసుకుంటూ, ఇద్దరు మగవాళ్ళు నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వాళ్ళిద్దరి మధ్య మనిషిని నేను. "మీ అన్నను జర జరగుమను, నేను కాళ్ళు చాపాలె" అని బాపు నాతో అనేవాడు. అన్న నా మొహం చూసేవాడు. ఆ మాట అప్పటికే అతని చెవిలో పడింది, అయినా నేను చెప్పేదాకా కదిలేవాడు కాదు. "అన్నా, జరగాల్నట." "జరిగిన అని చెప్పు." వినడానికి ఇది నవ్వులాటలా ఉంటుంది. ఆ గదిలో ఉన్నవాళ్ళకు నవ్వు రాలేదు. ఏ మాటకు ఎవరు లేచి ఏం అంటారోనని అమ్మ చెయ్యి కత్తెర మీద ఆగిపోయేది. వదిన తెర వెనక గాజులు కూడా చప్పుడు కానిచ్చేది కాదు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు అందులోని ముళ్ళు తీసి చెప్పడం నేను అప్పుడే నేర్చుకున్నాను. "ఆ గాడిదికి చెప్పు" అని బాపు అంటే, "బాపు చెప్పుమన్నడు" అని మొదలుపెట్టేదాన్ని.

అలాంటి రోజుల్లో అన్న ఒక పాత మోటార్ సైకిల్ తెచ్చాడు. పార్సిల్ పనికి బండి కావాలి, బండి ఉంటే పని రెట్టింపు దొరుకుతుంది. ఊరికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక ఒడిశా మనిషి దగ్గర కొన్నాడు. నల్ల బండి, సీటు చిరిగి ఉంది, అద్దం ఒకటే. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చింది. వదిన సీటు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బాపు బండిని దాటుకుని లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బండి వచ్చిన రెండు మూడు రోజులకు, బాపుకు సెలవైన పగటిపూట, అన్న అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బాపు బయటికొచ్చి, చెప్పులేసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా బండి పక్కన గొంతుకూర్చున్నాడు. ఇంజన్ పక్కనున్న ఆయిల్ మూత తిప్పి, దానికున్న పుల్లను బయటికి లాగాడు. పుల్ల చివర ఉన్నది నూనెలా లేదు. తారులా నల్లగా, చిక్కగా, కారకుండా అంటుకుని ఉంది. బాపు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్ళు ఎండలోకి చాపాడు. నల్లటి నూనెలో సన్నగా మెరుపులు. తర్వాత వాసన చూశాడు. ఆయన మొహం మారిపోవడం నేను చూశాను.

"వాన్ని అడుగు. ఆయిల్ ఎప్పుడు మార్చిండ్రట?" అన్నాడు నాతో.

అన్న నాకేసి చూసి, "అమ్మినాయిన మంచిగున్నదన్నడు. పైనకెళ్ళి కొంచెం కొత్తది పోస్తే సాలు అన్నడు" అన్నాడు.

"పైనకెళ్ళి పోస్తడట," అన్నాడు బాపు. ఆ గొంతుకు గల్లీలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. "బురదల పాలు పోస్తే బురద పాలయితదా? లోపట ఇనుము అరుగుతున్నది. నూనె అందకుంటే షాఫ్టు పట్టేస్తది. మగ్గానికి పట్టేస్తే మగ్గం ఆగుతది. బండికి పట్టేస్తే ఎనుక చక్రం ఆగుతది. రోడ్డు మీద, నడుస్తనడుస్తనే. చెప్పు వానికి."

నేను అన్నవైపు తిరిగాను. అన్న బీడీ పారేసి, "ఇన్న" అన్నాడు. నాతో కాదు, నేల మీది బీడీతో అన్నట్టు. నేను ఏమీ చెప్పకముందే ఆ మాట రావడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం బాపు ఇంజన్ కడగడానికి పూనుకున్నాడు. కార్ఖానాలో మగ్గాల గేర్లు జిడ్డు పడితే కిరోసిన్‌తో కడుగుతారు. మా వాళ్ళు దాన్ని గాసునూనె అంటారు. రేషన్లో వచ్చే నీలం రంగు గాసునూనె మా స్టవ్వుకే చాలేది కాదు. అమ్మ డబ్బాను ఒక క్షణం గట్టిగా పట్టుకుని, తర్వాత వదిలేసింది. "వంట చేస్తవా, బండి నడుపుతవా" అని మాత్రం గొణిగింది. చీరల కట్టలన్నీ మంచం మీదికి ఎత్తి, పైన దుప్పటి కప్పి, గడప దగ్గర కాపలా కూర్చుంది. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ "చేతులు చూపెట్టు" అనేది.

అన్న బండిని కాసేపు నడిపించి ఆపాడు, నూనె వేడెక్కితే బాగా దిగుతుందని. బాపు కింద పాత రేకు డబ్బా పెట్టి, పానాతో అడుగు బోల్టు విప్పాడు. నూనె ధారగా రాలేదు. ముందు ఒక ముద్ద, తర్వాత సన్నటి నల్ల తీగలాగా. వాసన గల్లీ అంతా పట్టింది, మాడిన పప్పు అడుగులా. అది ఆగాక బోల్టు బిగించి, గాసునూనె పోశాడు. "కిక్కు కొట్టుమను," అన్నాడు. "కొట్టు అన్నా," అన్నాను. ఇంజన్ గలగలమంది. "ఆపుమను." ఆపాడు. మళ్ళీ బోల్టు విప్పితే నల్లటి నీళ్ళు. మళ్ళీ పోశాడు. ప్రతిసారీ కొంచెం పలచబడి, చివరకు టీ రంగుకు వచ్చింది. బాపు ముంజేతితో చెమట తుడుచుకుని, మొదటిసారి బండి మొత్తాన్నీ ఒకసారి చూశాడు. కొత్త ఆయిల్ తేనెలా జారుతూ లోపలికి పోతుంటే మేమందరం, చీరలు వదిలేసి వచ్చిన అమ్మతో సహా, వంగి చూశాం. బాపు ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, అది కొట్టుకోవడం విన్నాడు. ఆయన చెవులతో వినలేనివి అట్లా చేత్తో వినేవాడు.

"మంచిగైంది," అన్నాడు. అన్న పేరు ఎత్తలేదు, నన్ను చెప్పమని కూడా అనలేదు.

వదిన వచ్చినప్పటి నుంచి సముద్రం చూస్తానంటోంది. మా ఊరి దగ్గరి మానేరు వాగు తప్ప ఇంకో నీళ్ళు చూడని పిల్ల. బండి బాగుపడగానే ఆదివారం డుమస్ తీసుకుపోతానని అన్న మాటిచ్చాడు. కొత్త జంటను ఒంటరిగా పంపడం ఇష్టం లేక అమ్మ నన్ను కూడా ఎక్కమంది. బండి మీద ముగ్గురం అంటే ఆ రోజుల్లో పెద్ద మాట కాదు. ముందర అన్న, నడుమ నేను, వెనక ఒక పక్కకు కాళ్ళు వేసి వదిన. బయల్దేరేముందు బాపు గడప దాకా వచ్చాడు.

"బిడ్డా, జర ఇను. చప్పుడు గిట్ల మారినా, గుంజుతలేదనిపించినా, రేసు ఇయ్యొద్దు. క్లచ్ పట్టాలె. ఏదేమన్నకాని ముందుగాల క్లచ్ పట్టాలె. గట్లయితె చక్రం ఇడుస్తది. చెప్పు."

అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా నేను చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. అన్న చిరాగ్గా తల ఊపాడు. "కడిగిండు గదా, ఇంకేందట బుగులు?"

వెళ్ళేటప్పుడు బండి బాగానే నడిచింది. అఠ్వా దాటి డుమస్ రోడ్డు ఎక్కాక గాలి మారింది. నా ఓణీ వెనక వదిన మొహం మీద పడుతుంటే ముందుకు లాక్కుంటూ, నేను మాత్రం ఇంజన్ చప్పుడే వింటున్నాను. బాపు ఆ భయాన్ని నా చెవిలో పెట్టి పంపాడు. ప్రతి గుంతకూ, ప్రతి గేరుకూ నా వేళ్ళు అన్న నడుము దగ్గర అంగీని బిగించి పట్టుకునేవి. "చెల్లె, గిచ్చకు" అని అతను రెండుసార్లు విసుక్కున్నాడు.

అది ఆటు వేళ. సముద్రం వెనక్కి పోయి, ఎంతో దూరాన ఒక బూడిద రంగు గీతలా ఉంది. ఇసుక నల్లగా ఉంది. సముద్రమంటే నీలంగా ఉంటుందని వదిన క్యాలెండర్లలో చూసింది. అయినా చెప్పులు చేత పట్టుకుని, చీర కొద్దిగా ఎత్తి, ఆ తడి నల్ల ఇసుకలో ఒక్కతే నీళ్ళ దాకా నడిచిపోయింది. అన్న నవ్వుతూ వెనకే పోయాడు. నేను బండి దగ్గరే ఉండిపోయాను. బండి ఆపి చాలాసేపైనా ఇంజన్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. అంత వేడి. దూరం వచ్చాం కదా, వేడి ఉండదా అనుకున్నాను. వాళ్ళు వచ్చాక టమాటా భజియాలు తిన్నాం. వదిన మొహం వెలిగిపోతోంది. "అన్నా, బండి బాగ కాలుతున్నది" అన్నాను. అతను వంగి చూసి, "బండి అన్నంక కాలదా" అన్నాడు. అయినా ఇంకాసేపు ఆగి, పొద్దు దిగుతుండగా బయల్దేరాం.

సగం దూరం వచ్చామో లేదో, చప్పుడు మారింది. ముందు పైనుంచి టిక్ టిక్ మని, ఎవరో గోటితో రేకు కొడుతున్నట్టు. తర్వాత అది ఒక సన్నటి ఏడుపులాగా సాగింది. మాడిన వాసన ముక్కుకు కొట్టింది, ఆ గల్లీలో వచ్చిన వాసనే. బండి గుంజడం తగ్గింది. వెనక నుంచి బస్సు ఒకటి ఆగకుండా హారన్ కొడుతోంది. దానికి అందకుండా ముందుకు పోదామని అన్న రేసు తిప్పడం అతని మోచెయ్యి కదలికలో నాకు తెలిసింది. నేను అతని చెవి దగ్గర నోరు పెట్టి, బాపు గొంతంత గట్టిగా అరిచాను. "అన్నా, క్లచ్. క్లచ్ పట్టు."

అప్పుడే వెనక చక్రం ఆగిపోయింది. టైరు రోడ్డు మీద గీరుకుంటూ కేకపెట్టింది. బండి వెనక భాగం కుడివైపుకు, బస్సు వస్తున్న వైపుకు కొట్టుకుపోవడం మొదలైంది. నాకు కనిపించింది బస్సు ముందు లైట్ల అద్దం, దాని మీది దుమ్ము. ఆ క్షణంలో అన్న ఎడమచెయ్యి బిగుసుకుంది. చక్రం వదిలింది. బండి ఊగి, ఎడమవైపు మట్టిలోకి దిగి, మమ్మల్ని ముగ్గుర్నీ అక్కడ పడేసింది. బస్సు గాలి మా మీదుగా పోయింది. హారన్ చాలాదూరం దాకా వినపడుతూనే ఉంది.

నా మోకాలు చెక్కుకుపోయింది. అన్న అరచేతులు నెత్తురయ్యాయి. వదిన కూర్చునే ఉంది, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. గాజు ముక్కలు చీర మీద ఉన్నాయి. ఆమె ఏడవలేదు. "మామకు చెప్పకుండ్రి" అంది ముందుగా. ఎందుకలా అన్నదో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇంట్లో మళ్ళీ ఒక గొడవకు తను కారణం కాకూడదని ఆమె భయం.

ఒక టెంపో మనిషి బండితో సహా మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పెద్ద దవాఖానలో వదిన చేతికి పట్టీ వేశారు. మమ్మల్ని చూడగానే అమ్మ ఏడుపు అందుకుంది. బాపు వదిన చెయ్యి చూశాడు, నా మోకాలు చూశాడు, అన్న అరచేతులు కూడా చూశాడు. "ఏమైంది" అని అడగలేదు. ఆయన అడిగింది ఒక్కటే, నన్ను. "క్లచ్ పట్టిండా?" "పట్టిండు బాపు." ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. 

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా యూనుస్ భాయ్ దుకాణానికి వచ్చాడు బాపు. యూనుస్ భాయ్ మా గల్లీ చివర బండ్లు బాగుచేసే మనిషి. అన్న అప్పటికే అక్కడున్నాడు. నన్ను కూడా రమ్మంటే కుంటుకుంటూ వెళ్ళాను, బాపు వస్తే మాటలకు మనిషి కావాలి కదా. యూనుస్ భాయ్ ఇంజన్ పక్క మూత విప్పి, లోపల్నుంచి చిన్న జాలీ ఒకటి తీశాడు. నూనె దానిగుండా వడపోసుకుని పైకి పోవాలి. ఆ జాలీకి కన్నాలే కనపడలేదు. నల్లటి జిడ్డు ముక్కలు, ఎండిన మినప్పిండిలా, దానినిండా పట్టి ఉన్నాయి. కింద ఆయిల్ మంచిదే, తేనె రంగుదే, కానీ ఒక్క చుక్క కూడా పైకి ఎక్కలేదు.

యూనుస్ భాయ్ ఆ జాలీని ఎండకు పట్టి చూసి అడిగాడు, "ఇస్మే కిసీనే మిట్టీ కా తేల్ డాలా థా క్యా?" ఎవరైనా గాసునూనె పోశారా అని. లోపల ఏళ్ళ తరబడి గోడలకు అంటుకుని ఉన్న జిడ్డు గాసునూనెకు వదిలి, ముక్కలు ముక్కలై వచ్చి జాలీకి అడ్డం పడిందని, కడిగాక ఈ మూత విప్పి జాలీ తుడవకుండా బండి నడపకూడదని చెప్పాడు.

బాపు వంగి జాలీని దగ్గరగా చూశాడు. ఆయనకు సగమే వినపడి ఉండాలి, కానీ ఆ జాలీని చూశాక వినాల్సిన అవసరం లేదు. నేను అన్న మొహం చూశాను. ఈ మాట కోసమే నెలలుగా కాచుకుని ఉన్నట్టు అతను ఏదో ఒకటి అంటాడనీ, దాన్ని నేను ముళ్ళు తీసి బాపుకు చెప్పాల్సి వస్తుందనీ అనుకున్నాను. దీని ముళ్ళు ఎట్లా తీయాలో నాకు తెలియదు. అన్న నేలచూపులు చూస్తూ, "తెల్వదు భాయ్," అన్నాడు హిందీలో. "పాత బండి. అమ్మినోడేమన్న పోసిండో ఏమో."

"మైనే డాలా," అన్నాడు బాపు. ఆ గొంతుకు రోడ్డు అవతల టీ దుకాణం వాళ్ళు కూడా తిరిగారు. తర్వాత అన్నవైపు తిరిగాడు. నావైపు కాదు. "తిరుపతీ, పోసింది నేనాయె. నువ్వెందుకురా అబద్ధమాడుతున్నవ్? కోడలు చెయ్యి ఇరిగింది నా చేతులనే. ముగ్గురు బస్సు కింద పడుదురు, నా చేతులనే. చెప్పు భాయ్‌కు, మా బాపే పోసిండని."

అన్న తల ఎత్తి బాపు మొహంలోకి చూశాడు.  "నువ్వు చెప్పినట్టు క్లచ్ పట్టిన బాపు," అన్నాడు. "చెల్లె ఒర్రింది, పట్టిన. లేకుంటె అయిపోతుంటిమి." బాపు ఆ మాట వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అన్న దగ్గరికి వచ్చి, ఆయన చెవి దగ్గర మళ్ళీ చెప్పాడు. యూనుస్ భాయ్ ఎటో చూస్తూ జాలీని పెట్రోలులో ముంచి తుడవసాగాడు.

వదిన చేతికి కట్టు ఉన్నన్నాళ్ళూ బాపు పిండి పిసికాడు. వంటింటి వైపు ఎప్పుడూ చూడని మనిషి, డ్యూటీ నుంచి వచ్చి, వేళ్ళు ఒకటికి రెండుసార్లు వాసన చూసుకుని, జొన్నపిండి ముందేసుకుని కూర్చునేవాడు. ముద్ద సరిగా కలిసేది కాదు, రొట్టెలు అంచుల దగ్గర పగిలేవి. వదిన సిగ్గుతో చచ్చిపోయేది. "ఇడువు మామా, అత్త చేస్తది" అంటే, "మీ అత్త చీరలు చూసుకోవాలె" అనేవాడు. క్షమించమని ఆయన ఎవరినీ అడగలేదు. అట్లాంటి మాటలు మా ఇంట్లో ఉండేవి కావు.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. అన్నకు ఇప్పుడు పార్సిళ్ళు మోసే టెంపోలున్నాయి, సొంత ఫ్లాటు ఉంది, అందులో ఎవరి గది వారిది. వాన పడే రోజుల్లో వదిన మణికట్టు ఇప్పటికీ సలుపుతుంది. పోయిన చలికాలం నేనక్కడ ఉన్నప్పుడు అన్నకూ అతని కూతురికీ ఏదో మాటా మాటా వచ్చింది. ఆ పిల్ల తన గదిలోకి పోయి తలుపేసుకుంది, అన్న తన గదిలో టీవీ పెట్టుకున్నాడు. మర్నాటి దాకా ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు, ఎవరూ ఎవరి నిట్టూర్పూ వినలేదు. హాయిగానే ఉంది. మా రోజులు మంచివని నేననను. ఆ ఒక్క గదిలో ఊపిరాడక ఎన్నిసార్లు బయటికి పారిపోవాలనుకున్నానో నాకు తెలుసు. కానీ అక్కడ కోపం దాచుకోవడానికి చోటు లేకపోయింది. మాట్లాడకపోవడానికి కూడా ఒక మనిషి కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ తలుపు అవతలికి మాట మోసుకుపోవడానికి ఎవరూ లేరు, పంపేవాళ్ళూ లేరు. నేను ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడి, కొట్టాలో వద్దో తెలియక వెనక్కి వచ్చేశాను.

యూనుస్ భాయ్ దుకాణం నుంచి ఆ సాయంత్రం ముగ్గురం నడిచే ఇంటికి వచ్చాం. బాపూ అన్నా ముందు, కుంటుకుంటూ నేను వెనక. పిస్టన్ మార్చాలా, బోరు చేయించాలా, బండి ఉంచుకోవాలా అమ్మేయాలా అని మాట్లాడుకుంటున్నారు. బాపుకు వినపడాలని అన్న అరుస్తున్నాడు, తన గొంతు తనకే వినపడనంత మోతలో ఉన్నట్టు బాపు అరుస్తున్నాడు. గల్లీలో వాళ్ళు తగాదా అనుకుని తలుపుల్లోంచి తొంగిచూస్తున్నారు. నా మోకాలు నొప్పి పుట్టి, "జర ఆగుండ్రి" అన్నాను. ఇద్దరిలో ఎవరూ వినలేదు. వాళ్ళు మాట్లాడుకుంటూ మలుపు తిరిగి పోయారు. నేను ఒక గడప మీద కూర్చుని, వాళ్ళ గొంతులు వినపడినంతసేపూ వింటూ ఉండిపోయాను.